ముందు ఉత్తరం, తర్వాతే ఆట: మా 1550 దక్కన్ ఆటకి కొత్త ఆటగాళ్లు ఎలా దొరికారు

2023 మార్చి చివర్లో ఒక ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి మెయిల్ తెరిచి చూస్తే, నేను నడిపే ఉత్తరాల ఆటలో 11 మంది ఆటగాళ్ల నుంచి రావాల్సిన ఆర్డర్లలో, అంటే ఈసారి ఎవరు ఏ ఎత్తు వేస్తున్నారో చెప్పే మెయిళ్లలో, 6 మాత్రమే వచ్చాయి. గడువు దాటి అప్పటికే అరగంట. బీదర్ రాజ్యం ఆడే ఆయన నుంచి ఏమీ లేదు. బేరార్, గోవా, గజపతి కూడా అంతే. మదురై నాయకుడు మాత్రం "ఈసారికి నన్ను వదిలేయండి సర్" అని ఒక్క లైను రాశాడు. అంతకు ముందు టర్న్‌లోనే ఇద్దరు రాయలేదు, పెళ్లిళ్ల సీజన్ కదా అని సరిపెట్టుకున్నాను. ఈసారి మాత్రం నాకు నిజంగా భయం వేసింది. పది నెలలు పెంచుకున్న ఆట కళ్ల ముందే చచ్చిపోతోందని అర్థమైంది.

ఆ రాత్రి తర్వాత ఏడాదిన్నర పాటు ఏం చేశానో, ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో మొత్తం ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి ఆట నడిపేవాళ్లు తెలుగులో ఎంతమంది ఉన్నారో కానీ, నడపాలనుకునే ఒక్కరికి ఉపయోగపడినా చాలు.

ముందు ఆట సంగతి చెప్పాలి. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, మా ఊరికి పెనుకొండ గంట ప్రయాణం. 2022 జూన్‌లో ఈ ఆట మొదలుపెట్టాను. కాలం 1550. ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండకి తిరిగొచ్చి గద్దెనెక్కిన సంవత్సరం అది. విజయనగరంలో పేరుకి సదాశివరాయలు రాజు, పెత్తనమంతా అళియ రామరాయలది. ఒక్కో ఆటగాడికి ఒక కుర్చీ: విజయనగరం, బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్, బేరార్, గజపతి, గోవాలో పోర్చుగీసు వాళ్లు, వీళ్లు కాక గండికోట, మదురై, కెళది నాయకులు. మొత్తం 11.

అందరూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు, ఆటంతా అదే. ఎక్కువగా మెయిల్లో, కొందరు కాగితం మీద. ఉత్తరం తెలుగులో ఉండాలి, ఏ యాసైనా సరే, పాత్రలో ఉండి రాయాలి. మూడు వారాలకి ఒక టర్న్. అందులో రెండు వారాలకి పైగా రాయబారాలు, బెదిరింపులు, పెళ్లి సంబంధాలు, అప్పులు నడుస్తాయి. చివర్లో ప్రతి ఒక్కరూ తమ ఆర్డర్లు రహస్యంగా నాకు పంపిస్తారు, అన్నీ ఒకేసారి తెరిచి ఫలితం రాస్తాను. అందరి ఆర్డర్లూ ఒకేసారి తెరవడం నా ఆలోచన కాదు, అలన్ కాల్హమర్ 1959లో తెచ్చిన డిప్లొమసీ ఆట నుంచి తీసుకున్నాను. ఏడాదికి మూడు టర్న్‌లు: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. వానాకాలంలో కృష్ణ, తుంగభద్ర పొంగి ఉంటాయి కాబట్టి వాటి మధ్యనున్న రాయచూర్ అంతర్వేదిలోకి ఎవరి సైన్యమూ దిగడానికి లేదు, ఆ టర్న్ మొత్తం కలంతోనే యుద్ధం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన టర్న్ అదే.

డిప్లొమసీని పోస్టులో ఆడటం 1963లో మొదలైంది. అలా ఆడేవాళ్లు గడువుకి ఆర్డర్లు రాని ఆటగాణ్ని ఎన్‌ఎమ్‌ఆర్ అంటారు, ఎత్తులు అందలేదు అని. ఇలాంటి ఆటలకి ఇది అంటురోగం. బీదర్ రాయకపోతే నష్టం బీదర్‌తో ఆగదు. గోల్కొండ ఆయన బీదర్‌కి రెండు ఉత్తరాలు రాసి ఎదురుచూస్తాడు, జవాబు రాదు, వచ్చే టర్న్‌లో ఒకటే రాస్తాడు, ఆ పై టర్న్‌లో అసలు రాయడు. మూడో నెలకి గోల్కొండ కూడా ఎన్‌ఎమ్‌ఆర్.

మొదటి ప్రయత్నం, 2023 ఏప్రిల్

నలుగురు ఖాళీ చేశారు, నలుగురిని తేవాలి అనుకున్నాను. ఒక మంచి పోస్టర్ చేయించాను, పైన రాతిరథం బొమ్మ, కింద "దక్కన్ చరిత్రని మీ చేతులతో తిరగరాయండి" అని. దానికి 34 పేజీల నియమావళి జతచేసి, తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపించాను. చరిత్ర గ్రూపులు, టీచర్ల గ్రూపులు, చదరంగం గ్రూపులు, డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడి ద్వారా అక్కడి తెలుగువాళ్ల గ్రూపులు కూడా. రెండు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. సూపర్ అన్నవాళ్లు, చప్పట్లు పెట్టినవాళ్లు పోగా, చేరతామని 17 మంది పేర్లిచ్చారు. ఫారం నింపింది 9 మంది. మొదటి టర్న్‌కి ఆర్డర్లు పంపింది 5గురు. మూడు టర్న్‌లు తిరిగేసరికి మిగిలింది ఒక్కరు.

ఎందుకలా అయిందో అప్పుడు తెలియలేదు. వెళ్లిపోయిన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మిమ్మల్ని మళ్లీ రమ్మని అడగను, ఎందుకు మానేశారో మాత్రం చెప్పండి అని అడిగాను. ఈ ఫోన్లు చెయ్యడానికి మొహమాటం అడ్డొచ్చింది కానీ, మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ నేర్పింది ఇవే.

బీదర్ కుర్చీ ఇచ్చిన అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మంచి చురుకైనవాడు. అతను చేరేసరికి ఖజానా ఖాళీ. అంతకన్నా పెద్ద సమస్య, పాత బీదర్ ఆటగాడు బీజాపూర్‌కి ఒక కోట ఇస్తానని మాటిచ్చి మాయమైపోయాడు. ఆ ఉత్తరం ఇతనికి ఎవరూ చూపించలేదు, నేనూ చూపించలేదు. మొదటి టర్న్‌లోనే బీజాపూర్ నుంచి "కోట ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు" అని వచ్చింది, రెండో టర్న్‌లో సైన్యమే వచ్చింది. "ఎవరో చేసిన అప్పు తీర్చడానికి చేరినట్టుంది సర్" అన్నాడు ఫోన్లో. అతని మాట నూటికి నూరు శాతం నిజం. వదిలేసిన కుర్చీ కొత్తవాళ్లకి ఇవ్వడం అంటే, కాలిపోయిన వంట గిన్నె చేతికిచ్చి వండమనడమే.

నియమావళి మాట అందరూ ఎత్తారు. నేను మాత్రం 34 పేజీలు చూసి గర్వపడ్డాను, ఎంత శ్రద్ధగా రాశానో కదా అని. చదివేవాళ్లకి అది పరీక్ష సిలబస్‌లా కనిపించింది. ఒకావిడ "మొత్తం చదివాకే మొదలుపెడదామనుకున్నానండీ, చదవడం పూర్తవ్వలేదు" అంది. ఆవిడ నిజాయితీగా చదవడం మొదలుపెట్టింది కూడా, 11వ పేజీలో కోట ముట్టడి పట్టికల దగ్గర ఆగిపోయింది. ఆమెకి గజపతి పాత్ర ఇచ్చాను, అప్పటికి ఆమె ముట్టడించాల్సిన కోటే లేదు. ఆ పట్టిక ఆమెకి ఏడాది దాకా అవసరం పడేది కాదు.

ఇంకొకటి నెల విషయం. ఏప్రిల్, మే నెలల్లో మనవాళ్లని ఏ కొత్త పనికీ పిలవకూడదు. పిల్లల పరీక్షలు, ఆ తర్వాత సెలవులు, ఊళ్లు, పెళ్లిళ్లు.

వీటన్నిటికన్నా పెద్ద విషయం పాత మెయిళ్లన్నీ ముందేసుకుని లెక్కపెట్టినప్పుడు బయటపడింది. మానేసిన ప్రతి ఆటగాడూ మానేసే ముందు మూడు టర్న్‌ల్లో ఎన్ని ఉత్తరాలు రాశాడు, ఎన్ని అందుకున్నాడు అని చూశాను. రాసినవి తలా ఒక రకంగా ఉన్నాయి, ఒకాయన ఏడు రాశాడు, ఇంకొకాయన రెండు. అందుకున్నవి మాత్రం అందరికీ దాదాపు సున్నా, మహా అయితే ఒకటి. మ్యాప్ చూస్తే కారణం కనిపిస్తుంది. బీదర్ అన్నిటికన్నా చిన్న రాజ్యం, దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. బేరార్ ఉత్తరపు మూల, గజపతి తూర్పు మూల, మదురై దక్షిణపు చివర. విజయనగరం ఆయనకి మాత్రం టర్న్‌కి పది ఉత్తరాలు, ఆయన జవాబులు రాయలేక సతమతం. ఆట కష్టమై ఎవరూ వెళ్లలేదు. వాళ్లకి ఎవరూ రాయలేదు, అందుకని వెళ్లిపోయారు.

ఇది తెలిశాక నా పని మారిపోయింది. కొత్తవాళ్లని వెతకడం ఒక పనీ, వచ్చినవాళ్లని నిలబెట్టడం ఇంకో పనీ అనుకునేవాణ్ని. రెండూ ఒకటే పని: వచ్చే మనిషి కోసం ఒక ఉత్తరం ముందే ఎదురుచూస్తూ ఉండాలి.

జెండాలతో వచ్చినవాళ్లు

రెండో ప్రయత్నానికి వెళ్లే ముందు ఈ విషయం చెప్పి తీరాలి, తెలుగులో దక్కన్ మీద ఏ ఆట పెట్టినా ఇది ఎదురవుతుంది. మొదటి విడత వచ్చినవాళ్లలో ఇద్దరు ఆడటానికి రాలేదు. ఒకాయనకి విజయనగరం కుర్చీ తప్ప ఏదీ వద్దు, "వాళ్ల పక్షాన ఆడటమా" అన్నాడు. ఇంకొకాయనకి తన కులం వాళ్లు ఏ కోట ఏలారో, దానికి నా పట్టికలో ఎన్ని మార్కులు వేశానో, అదే గొడవ. మొదటాయన్ని బుజ్జగించి అహ్మద్‌నగర్ దూతగా పెట్టాను, తప్పు చేశాను. పాత్రలో ఉండి రాయాల్సిన ఉత్తరాల్లో ఈ కాలపు తిట్లు రాయడం మొదలుపెట్టాడు. గోల్కొండ ఆడే ఆయన ముస్లిం, అద్దంకి దగ్గరివాడు, మా ఆటలో అందరికన్నా మంచి తెలుగు రాసేది ఆయనే. నొచ్చుకుని, ఒక వారం ఎవరికీ ఏమీ రాయలేదు. దూతని చివరికి తీసేశాను. ఆలస్యంగా తీసేశానన్నది మాత్రం ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత నుంచి కొత్తవాళ్లని చేర్చుకునే ముందు ఫోన్లో పది నిమిషాలు చరిత్ర మాట్లాడుతున్నాను. రామరాయలు కృష్ణదేవరాయల కొలువుకి రాకముందు గోల్కొండ సుల్తాన్ కులీ దగ్గర పనిచేశాడు. ఇబ్రహీంకి ఆశ్రయమిచ్చింది విజయనగరం, గోల్కొండ గద్దె మీద కూర్చుని తెలుగు కవుల్ని ఆదరించి మల్కిభరాముడు అనిపించుకున్నదీ ఆ ఇబ్రహీమే. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న రామరాయల్ని పరామర్శించడానికి బీజాపూర్ సుల్తాన్ అలీ ఆదిల్ షా స్వయంగా విజయనగరం వచ్చాడు. అదే అలీ తర్వాత 1565 జనవరిలో ఆయన మీదకి తళ్లికోట యుద్ధానికి వచ్చాడు. ఇవి చెప్తే కళ్లు మెరిసేవాళ్లు ఉంటారు, "అవునా, అయితే వీళ్లంతా ఒకరికొకరు బాగా తెలిసినవాళ్లేనన్నమాట" అనేవాళ్లు. ఆ మాట అన్నవాళ్లే ఆటగాళ్లు. చివర్లో ఒక్కటే అడుగుతాను: రాయలవారి ఆస్థానమైనా, కుతుబ్ షా ఆస్థానమైనా, ఏది ఇచ్చినా మనస్ఫూర్తిగా ఆడతారా? తడుముకుంటే నమస్కారం పెట్టి వదిలేస్తాను.

రెండో ప్రయత్నం, 2023 జులై నుంచి

జూన్‌లో ఒక నెల ఆట ఆపేశాం. ఉన్నవాళ్లతో మాట్లాడి ఖాళీ కుర్చీల సంగతి ముందు తేల్చాను. బీదర్, బేరార్ నా చేతి కిందకి తీసుకున్నాను, వాటి తరఫున నేనే జవాబులు రాస్తాను, దండయాత్రలు మాత్రం చెయ్యవు. మదురై ఆయన గోవాకి మారతానన్నాడు, చివర్లో కూర్చుని విసిగిపోయానన్నాడు, సరే అన్నాను. అంటే పెద్ద కుర్చీలన్నీ పాతవాళ్ల దగ్గరో నా దగ్గరో ఉన్నాయి. మరి కొత్తవాళ్లకి ఏమివ్వాలి?

1975లో వచ్చిన ఆన్ గార్డ్ అనే ఆట గురించి చదివాను. 17వ శతాబ్దపు పారిస్‌లో నడిచే పాత్రల ఆట, దాన్ని పోస్టులో కూడా చాలామంది ఆడారు. అందులో ఎవరూ రాజుగా మొదలవ్వరు. ఊళ్లోకి దిగిన ఒక మామూలు మనిషిగా మొదలై, పరిచయాలతో, పదవులతో మెట్టు మెట్టుగా ఎక్కుతారు. ఇది చదివాక మన దగ్గర అలాంటి మెట్టు ఏముందా అని ఆలోచిస్తే వెంటనే తట్టింది, స్థానాపతి! విజయనగరం కింద ఒక్కో ప్రాంతం ఏలే అమరనాయకులు తమ తరఫున రాజధానిలో ఒక మనిషిని ఉంచేవాళ్లు. నాయకుడికి కొలువులో ఏం జరుగుతోందో చెప్పడం, రాయలకి నాయకుడి తరఫున మాట్లాడటం అతని పని. ఇంకోటి రాయసం, రాజు చెప్పింది రాసేవాడు. వీళ్లు కాక రేవుల్లో వర్తకులు, కోటల్లో కిల్లేదార్లు. ఇవన్నీ చిన్న కుర్చీలే కానీ ప్రతి ఒక్కరి చేతిలో ఎవరికో ఒకరికి కావాల్సిన వస్తువో వార్తో ఉంటుంది. అందుకే వాళ్లకి ఉత్తరాలు వస్తాయి. బీదర్ సుల్తాను కన్నా విజయనగరంలో గండికోట స్థానాపతికి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, ఇది లెక్కపెట్టి చెప్తున్నాను.

పోస్టర్ వెయ్యలేదు. 12 మంది పేర్లు రాసుకున్నాను. గ్రూపుల్లో గట్టిగా వాదించేవాళ్లని తీసుకోలేదు. పుట్టినరోజుకి కాపీ పేస్టు కాకుండా నాలుగు లైన్లు సొంతంగా రాసేవాళ్లు, విజయవాడ పుస్తకాల పండగలో పరిచయమై ఆ తర్వాత కూడా చదివిన పుస్తకం గురించి మెసేజ్ పెట్టేవాళ్లు, అడిగిన ప్రశ్నకి ఆలస్యంగానైనా జవాబిచ్చేవాళ్లు, ఇలాంటివాళ్లని. నాకిప్పుడు గట్టి నమ్మకం: వ్యూహం నేర్పొచ్చు, చరిత్ర చదివించొచ్చు, జవాబు రాసే అలవాటు మాత్రం మనిషిలో ఉండాల్సిందే.

ఫోన్ చేసి ఆట సంగతి, చరిత్ర సంగతి చెప్పి, "మీకు ఒక ఉత్తరం వస్తుంది, జవాబు రాయాలనిపిస్తేనే రాయండి" అని ఆపేశాను. నియమావళి పంపలేదు. అడ్రసు తీసుకుని, పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్లు కొని, చేత్తో రాసి పంపాం. అప్పట్లో అది రెండున్నర రూపాయల నీలం కాగితం. ఎంతోమంది దాన్ని చూసి ఏళ్లయింది, కొందరు పిల్లలు అసలెప్పుడూ చూడలేదు. దూరదేశాల్లో ఉన్నవాళ్లకి మాత్రం దాన్నే ఫోటో తీసి మెయిల్ చేశాను.

కువైట్‌లో డ్రైవర్‌గా చేసే కడప జిల్లా ఆయనకి వెళ్లిన ఉత్తరం ఇది. రాసింది గోవా కుర్చీకి మారిన మా పాత ఆటగాడు:

"విజయనగరంలో గండికోట వారి స్థానాపతి గారి సముఖానికి, గోవా రేవులో గుర్రాల బేరగాడు చేసుకునే మనవి. ఓడ దిగింది. ఎక్కించిన 90 గుర్రాల్లో 62 బతికాయి. రాయలవారితో ఉన్న ఒడంబడిక ప్రకారం ఇవి మీ వైపే రావాలి. కానీ బీజాపూర్ నుంచి ఒక మనిషి వచ్చి మా ఇంట్లోనే దిగాడు, గుర్రానికి 20 వరహాలు ఎక్కువ ఇస్తానంటున్నాడు. మీ నాయకుడికి 30 గుర్రాలు కావాలని మీకు ముందున్న ఆయన కిందటేడు అడిగాడు. ఇప్పటికీ కావాలా? కావాలంటే డబ్బు ఎవరిస్తారు, గండికోట నుంచి వస్తుందా, రాయల ఖజానా నుంచా? మీ జవాబు వచ్చేదాకా ఆ బీజాపూర్ మనిషికి భోజనం పెడుతూ ఉంటాను. ఎక్కువ రోజులు పెట్టలేను."

ఈ ఉత్తరం ఎందుకు పనిచేసిందో కాస్త వివరంగా చెప్పాలి. ఇందులో చరిత్ర ఉంది, 1547లో గోవా పోర్చుగీసు వాళ్లకీ విజయనగరానికీ గుర్రాల మీద కుదిరిన ఒప్పందం, కానీ అది పాఠంలా లేదు. తేల్చాల్సింది ఒక్కటే: కొనాలా వద్దా. కొంటానంటే వెంటనే ఇంకో ఇద్దరికి రాయాల్సి వస్తుంది, గండికోట నాయకుడికి ఒకటి, రాయలవారి కొలువుకి ఒకటి. వద్దంటే గుర్రాలు బీజాపూర్‌కి పోతాయి, రేపు అంతర్వేదిలో అవే ఎదురొస్తాయి. ఏ నియమమూ తెలియకపోయినా జవాబు రాయొచ్చు. పైగా అవతల నిజంగా ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు.

ఆయనకి టైపింగ్ రాదు. అర్ధరాత్రి 6 నిమిషాల వాయిస్ మెసేజ్ పంపించాడు. "సర్, గండికోట మా పక్కనే, చిన్నప్పుడు పెన్న లోయలోకి రాళ్లు విసిరేవాళ్లం. ఆ గుర్రాలు బీజాపూర్‌కి పోనియ్యొద్దు సర్, 30 కాదు, మొత్తం 62 నేనే పట్టుకుంటా, డబ్బులు రాయల దగ్గర నేను ఇప్పిస్తా, మీరు ఆ మనిషికి ఇంకో నాలుగు రోజులు అన్నం పెట్టండి." మా ఆవిడ టైప్ చేసిపెట్టింది, ఒక్క మాట మార్చకుండా అలాగే గోవాకి పంపించాం. ఇప్పటికీ ఆయన ఉత్తరాలన్నీ వాయిస్ మెసేజ్‌లే, టైప్ చెయ్యడానికి ఇద్దరు ఆటగాళ్లు వంతులు వేసుకున్నారు. ఉత్తరం అంటే కాగితమో మెయిలో అని నేను పెట్టుకున్న గీత ఆయన వల్లే చెరిగిపోయింది, మంచిదైంది.

గడువు మారింది కూడా ఆయన వల్లే. ఆదివారం రాత్రి 9 అంటే మనకి సెలవు. కువైట్‌లో సెలవులు శుక్ర, శనివారాలు, ఆదివారం ఆయన బండి మీద ఉంటాడు. శనివారం రాత్రి 9కి మార్చాను. అక్కడ సాయంత్రం ఆరున్నర, డల్లాస్‌లో శనివారం పొద్దున. ఎవరికీ ఇబ్బంది లేదు. ఏడాది పాటు ఆదివారమే పట్టుకు కూర్చున్నాను, ఎవరినీ అడగలేదు.

మొత్తం 12 ఉత్తరాల్లో 5 నేనే రాశాను, నా చేతి కిందున్న బీదర్, బేరార్ లాంటి పాత్రల తరఫున. 7 ఉత్తరాలు ఆడుతున్న ఆటగాళ్లు రాశారు. నేను రాసిన 5గురిలో ముగ్గురు జవాబిచ్చారు, ఏడాది తర్వాత మిగిలింది ఒక్కరు. ఆటగాళ్లు రాసిన 7గురిలో ఆరుగురు జవాబిచ్చారు, 5గురు మిగిలారు. చిన్న లెక్కే కానీ తేడా నాకు స్పష్టంగా కనిపించింది. నా ఉత్తరాలు వాళ్ల ఉత్తరాల కన్నా బాగానే ఉన్నాయి, నిజానికి ఎక్కువ కష్టపడి రాశాను. కానీ నేను ఆట నడిపేవాణ్ని, నాకు గుర్రాలు అమ్ముడైనా అవకపోయినా ఒకటే. గోవా ఆయనకి మాత్రం నిజంగానే డబ్బు కావాలి. ఆ అవసరం చదివేవాడికి తెలిసిపోతుంది.

మొదటి మూడు టర్న్‌లు

జవాబు రాసినవాళ్లకి ఒక్క పేజీ పంపించాను. మీరెవరు, మీ చేతిలో ఏముంది, ఎవరు మీకు మిత్రులు, ఎవరిని నమ్మకూడదు, ఒక టర్న్‌లో మీరు ఇవ్వగల నాలుగు ఆర్డర్లు ఏంటి. అంతే. 34 పేజీలు ఇప్పటికీ ఉన్నాయి, అడిగితే ఇస్తాను. మూడో టర్న్ తర్వాత చాలామంది వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు, అప్పుడు ఆ ముట్టడి పట్టికలు కూడా ఇష్టంగా చదువుతున్నారు.

తోడు విషయంలో ఒక దెబ్బ తిన్నాను. కొత్తవాళ్లకి చెయ్యి పట్టుకుని నడిపించే పాత ఆటగాణ్ని ఒకరిని ఇచ్చాను. రాయచూర్ అంతర్వేదిలో ఉన్న ముద్గల్ కోటకి కిల్లేదారుగా వచ్చిన కుర్రాడికి పక్కనే ఉన్న బీజాపూర్ ఆయన్ని తోడిచ్చాను, దగ్గరివాళ్లయితే మాటలు ఎక్కువ ఉంటాయి కదా అని. రెండు టర్న్‌ల్లో ఆ కుర్రాడు బీజాపూర్ ఆయన చెప్పింది రాసే రాయసం అయిపోయాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆయన ఆట ఆయన ఆడుకున్నాడు. కుర్రాడికి మాత్రం తన ఆట లేకుండా పోయింది, వెళ్లిపోయాడు. అప్పటినుంచి తోడు ఇచ్చేది మ్యాప్‌లో అవతలి చివర ఉన్నవాళ్లని. ముద్గల్‌లో ఉన్నవాళ్లకి గజపతి వైపు నుంచి, పులికాట్ వర్తకుడికి అహ్మద్‌నగర్ నుంచి. వాళ్లకి ఒకరి నుంచి ఒకరికి ఏ లాభమూ ఉండదు, అందుకే సలహా శుభ్రంగా ఉంటుంది.

ఇంకో పద్ధతి నేను ఎవరికీ చెప్పకుండా చేస్తాను. ప్రతి టర్న్ పదో రోజున ఎవరికి ఎన్ని ఉత్తరాలు అందాయో చూసుకుంటాను, ఆటగాళ్లు ప్రతి ఉత్తరం కాపీ నాకు పంపుతారు కాబట్టి తెలుస్తుంది. రెండు కన్నా తక్కువ అందినవాళ్లుంటే, వాళ్ల చుట్టూ ఏదో ఒక కదలిక తెస్తాను. ఒక వేగు పట్టుబడతాడు, ఒక ఓడ తుపానుకి దారి తప్పి వాళ్ల రేవుకి కొట్టుకొస్తుంది, ఒక కాందిశీకుడు కోట గుమ్మం ముందు నిలబడతాడు. అప్పుడు పక్కవాళ్లకి వాళ్లతో మాట్లాడాల్సిన అవసరం పడుతుంది. దీనికి నాకు టర్న్‌కి రెండు సాయంత్రాలు పడుతుంది. ఆ రెండు సాయంత్రాలు పెట్టలేనివాళ్లు ఇలాంటి ఆట మొదలుపెట్టకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

హన్మకొండలో డిగ్రీ చదివే అమ్మాయి సంగతి చెప్పి ఆపేస్తాను. అహ్మద్‌నగర్ ఆస్థానంలో లేఖరిగా చేర్చాను. మొదటి ఉత్తరం చదివి ఫోన్ చేసి, "అన్నా, నాకు పాత తెలుగు రాదు, మా ఇంట్ల మాట్లాడినట్టు రాస్తే నడుస్తదా?" అని అడిగింది. నడుస్తుందమ్మా, రాయి అన్నాను. ఆమె రాసిన తెలంగాణ తెలుగులో అహ్మద్‌నగర్ సుల్తాన్ నిజాం షా మాటలకి ఎంత జీవం వచ్చిందో చెప్పలేను. గోల్కొండ ఆయన ఆ ఉత్తరాలు దాచుకుంటున్నాడు. ఆరు టర్న్‌లకి లేఖరి నుంచి, సుల్తాను తరఫున వ్యవహారాలు నడిపే వకీలు అయింది, అహ్మద్‌నగర్ కుర్చీలో ఉన్నాయన ఉద్యోగ బదిలీ వచ్చి తప్పుకుంటే ఆ కుర్చీ ఆమెకే ఇచ్చాం. అప్పటికి ఆ రాజ్యం అప్పులన్నీ, మాటిచ్చినవన్నీ ఆమె చేత్తో రాసినవే, కాబట్టి బీదర్ కుర్రాడికి జరిగింది ఆమెకి జరగలేదు.

ఇప్పుడు కొత్తవాళ్లకి మొదటి ఉత్తరం ఎవరు రాయాలో ఆమే పంచుతుంది, ఎవరికి ఎవరి అవసరం ఉందో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ప్రస్తుతం 15 మంది ఆడుతున్నాం, కిందటి ఆరు టర్న్‌ల్లో ఎన్‌ఎమ్‌ఆర్‌లు రెండే, రెండూ ఆసుపత్రి కారణాల వల్ల. 43వ టర్న్ నడుస్తోంది, 1564 ఎండాకాలం. అసలు చరిత్రలో తళ్లికోట యుద్ధానికి ముందు అహ్మద్‌నగర్, బీజాపూర్ పాత పగలు పక్కన పెట్టి వియ్యమందుకున్నాయి. హుసేన్ నిజాం షా కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకి ఇచ్చారు, షోలాపూర్ కోట కట్నంగా వెళ్లింది, ఆ పొత్తు నుంచే 1565 జనవరి యుద్ధం వచ్చింది. మా ఆటలో సంబంధం ఇంకా కుదరలేదు. షోలాపూర్ ఇవ్వనని ఆ అమ్మాయి మూడు ఉత్తరాల్లో రాసింది. నాలుగో ఉత్తరం తను రాయకుండా షోలాపూర్‌లో కొత్త కిల్లేదారుని పెట్టి అతనికి వదిలేస్తానంటోంది, దానికి నల్గొండ నుంచి ఒక మాస్టారుని చూసుకుంది కూడా. ఆయన అడ్రసు నిన్న నాకు వచ్చింది. ఇన్‌లాండ్ లెటర్ రేపు పొద్దున పోస్ట్ చెయ్యాలి, శనివారం లోపు ఆయనకి అందాలి.